దాలయ్య మావ నోట్లో తువ్వాలు

మా భావనపాడు సర్చిలో దాలయ్య మావ నోరు మూయించింది నానే. దాసుకోడానికేటున్నాది, సెప్పీస్తాను.

మావ పన్నెండో ఏటినుంచి ఒడ్డున పెద్దవల లాగినోడు. లాగీవోళ్ళకి ఊపు రావాలని కేకేసీది ఆయనే. మోకాళ్ళు అరిగిపోయి వల మానీసినాడు గానీ, కేక మాననేదు. సర్చిలో ఎవరైనా సాక్ష్యం సెప్తూ తడబడితే సాలు, ఎనకనుంచి "లాగమ్మా, లాగు! ఒడ్డుకొచ్చీసినాది!" అని అరుస్తాడు. కొత్తకోడలు రాణికి పాట మధ్యలో గొంతు పట్టీసినప్పుడు అదే కేక. ఆ పిల్ల పాట పూర్తి సేసింది, నిజమే. మొగుడు పోయిన ఉష ప్రార్థనలో ఏడుపొచ్చి ఆగిపోతే అదే కేక. ఉష ఏడుస్తూనే నవ్వింది, అదీ నిజమే. అయినా సర్చేటి, సముద్రపొడ్డేటి? నాకు ఒళ్ళు మండిపోయీది.

యాభై ఏళ్ళొచ్చాక నాను పాస్టరమ్మ అరుణశ్రీగారి దగ్గర అక్షరాలు నేర్సుకున్నాను. స్త్రీల ఆదివారం వాక్యం నన్నే సదవమన్నారు. సేపలమ్ముకునే జగ్గమ్మ సదువుతాదంట అని ఊరంతా నవ్వతన్నారు. ఆ రోజు తప్పు సదివితే మరి పుస్తకం ముట్టకూడదనుకున్నాను. అందుకే పాస్టరమ్మకి సెప్పినాను: "అమ్మా, మావ అరిస్తే నాను సదవను. నానన్నానని మాత్రం సెప్పకండి."

ఆదివారం మావ వొచ్చినాడు. అరవనని పాస్టరమ్మకి మాటైతే ఇచ్చినాడు గానీ, తన నోటి మీద తనకే నమ్మకం నేదు. తువ్వాలు ఉండసుట్టి నోట్లో కుక్కుకుని కూకున్నాడు.

సదవడం మొదలెట్టినాను. బేగినే బబులోను రాజుగారి పేరు అడ్డొచ్చినాది. మూరెడు పేరు! దాన్ని మళ్ళా నా సేత అనిపించకండి. రెండు ముక్కలు పలికీసరికి నాలిక మడతపడిపోనాది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకేటి, పుస్తకం మూసీబోతూ ఎనక్కి సూసినాను. మావ మొహం కందిపోయి ఉన్నాది. రెండు సేతులూ గాల్లో తాడు లాగతన్నాయి.

సిగ్గేటి, ఎగ్గేటి! "ఓ మావా, ఆ తువ్వాలు తియ్యి!" అని అరిసినాను.

తీసినాడు. "లాగే జగ్గీ, లాగు!" అన్నాడు. రాణి అందుకున్నాది, ఉష అందుకున్నాది, ఆఖరికి పాస్టరమ్మ కూడా సప్పట్లు కొట్టి "లాగమ్మా!" అన్నారు. రాజుగారి పేరుని ముక్కా ముక్కా లాగి ఒడ్డున పడీసినాను. ఆ ఊపులో అధ్యాయమంతా సదివీసినాను.

బయటికొచ్చాక మావ దగ్గరికెళ్ళినాను. "తప్పయిపోనాది మావా. నీ నోరు మూయించింది నానే."

"తెలుసులేవే."

"తెలిసీ ఎందుకొప్పుకున్నావు?"

"నువ్వు సదవాల గదే."

నాకు కళ్ళనీళ్ళొచ్చీసినాయి. ఏదో అనబోతే మాట గొంతులోనే ఉండిపోనాది. మావ నా మొహంలోకి సూసి, ఈసారి మెల్లగా, "లాగే జగ్గీ" అన్నాడు.