గురువారం తెంపిన కనెక్షన్

ఈ గల్ఫ్ నగరంలో, అల్ సద్ అనే పేటలో, మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. అక్కడ నా పని ఒక ఉత్తుత్తి ప్రాసెసర్‌ని చూసుకోవడం. మా కంపెనీ నీటి పంపులను నడిపే పెట్టెలు తయారుచేస్తుంది. ఆ పెట్టెల్లోని చిప్పు చేసే పనులన్నీ అచ్చంగా చేసి చూపే ప్రోగ్రాం ఇది. కోడ్‌ని ముందు ఇందులోనే నడుపుతారు. ఎక్కడ కూర్చున్నవాళ్లయినా, కోడ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్‌తో నెట్‌వర్క్ మీదుగా కనెక్టయి, కావలసిన చోట దాన్ని ఆపి, లోపలేముందో చూసుకోవచ్చు. కనెక్షన్ పోతే మాత్రం ప్రాసెసర్ కూడా పోతుంది, మళ్లీ మొదటినుంచే. ఆ నియమం పెట్టింది నేనే. మావాళ్లు ఇంటికి వెళ్తూ ఏదీ మూయరు.

శుక్ర, శనివారాల సెలవుకి ముందు, ప్రతి గురువారం సాయంత్రం, మిగిలిపోయిన కనెక్షన్ల జాబితా తెరుస్తాను. ఆరు గంటలుగా ఉలుకూ పలుకూ లేనివాటిని తెంపేస్తాను. అవతల మనిషి లేడని లెక్క. ఆపి ఉంచిన ప్రాసెసర్ కూడా ఉలకదు, పలకదు. అది నాకు తెలుసు. 'ఉన్నావా?' 'ఉన్నాను' అని రెండు వైపులా అప్పుడప్పుడు పలకరించుకునే ఏర్పాటు రాయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. అనుకోవడానికేం, రోజూ అనుకోవచ్చు.

మా టీంలో నిజామాబాద్ ఆయన ఒకరుండేవారు. నాకన్నా పదేళ్లు పెద్ద. నేను అన్నా అంటే ఆయన తమ్మీ అనేవారు. ఒక సైట్‌లో పంపులు వాటంతటవే ఆగిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. తప్పు ఆయన కోడ్‌దేనని అందరూ తేల్చేశారు. కాదు, బయట కొన్న కోడ్‌లో ఉందని ఆయన పట్టుబట్టారు. ఆదివారం మీటింగులో అది చూపించకపోతే కాంట్రాక్టు పొడిగించనని మేనేజర్ చెప్పేశాడు. ఊరి చివర అల్ వుకైర్‌లోని ఫ్లాట్‌లో ఆయన భార్య, ఏడో తరగతి చదివే కూతురు ఉన్నారు. వాళ్ల వీసాలూ ఆ ఉద్యోగాన్ని పట్టుకునే ఉన్నాయి.

ఇంట్లోనే కూర్చుని ఆయన పది రోజులు ఆ తప్పు కోసం కాపు కాశారట. గురువారం పొద్దున అది దొరికింది. ప్రాసెసర్‌ని సరిగ్గా అక్కడే ఆపేశారు. కదిపితే కనెక్షన్ పోతుందని లాప్‌టాప్‌ని ముట్టుకోలేదు, కూతుర్ని వైఫై దరిదాపులకు రానివ్వలేదు. ముందే చెబితే దిష్టి తగులుతుందని మాకెవరికీ చెప్పలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

ఆ గురువారం నాలుగింటికి జాబితాలో ఒక్కటే మిగిలింది. ఆరు గంటల పదకొండు నిమిషాలుగా చడీ చప్పుడూ లేదు. అందులో పేర్లు కనబడవు, అంకెలే. తెంపేసి, టీ కప్పు కడుక్కుని, మెట్రో ఎక్కాను.

ఆదివారం ఆయన ఇంటినుంచే వీడియోలో మీటింగుకి వచ్చారు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. ఆయన తెరమీద అంతా ఆగినది ఆగినట్టే ఉంది. మొదటి మీట నొక్కాక గాని కనెక్షన్ లేదని తెలియలేదు. ఇంగ్లీషులో మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా తెలుగులోకి వచ్చేశారు.

"అయ్యో, పొయ్యింది తమ్మీ! గీన్నే ఉండె, నా కండ్లతోని సూసిన. నెట్‌వర్క్ పొయినట్టుంది."

మేనేజర్ నావైపు తిరిగి, నెట్‌వర్క్ నిజంగా తెగిందా అని అడిగాడు. ఏ కనెక్షన్‌ని ఎవరు ఎప్పుడు తెంపారో రాసుండే లాగ్ నా ముందు తెరిచే ఉంది. గురువారం నాలుగు గంటలు, పక్కన నా లాగిన్.

"తెగి ఉంటుంది సార్. అప్పుడప్పుడూ అవుతుంది" అన్నాను.

నాకేమీ అనిపించలేదు. సిగ్గో, భయమో, ఏదో ఒకటి వేస్తుందని సాయంత్రం దాకా చూశాను. ఏదీ వేయలేదు. మధ్యాహ్నం అన్నం కూడా ఎప్పటిలాగే తిన్నాను.

మళ్లీ పట్టుకోవడానికి మరో పది రోజులు కావాలని ఆయన అడిగారు. మేనేజర్ ఇవ్వలేదు. నెలాఖరున, ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయే ముందు, లాప్‌టాప్ అప్పగించడానికి ఆఫీసుకి వచ్చినప్పుడు, ఆయన చేతిలో అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో వాళ్లింటి రైస్ కుక్కర్. దాన్ని నా టేబుల్ మీద పెట్టారు.

"గా దినం గంతమందిల నా మాట నిజమన్నది నువ్వొక్కనివే తమ్మీ. మా ఇంటామెకు గూడ చెప్పిన. గిది నీకే ఇయ్యమన్నది."

"ఇవన్నీ ఎందుకన్నా" అంటూనే, రెండు చేతులా అందుకున్నాను.