శ్యామల వేసిన ఒట్టు

కెనడాలోని సస్కటూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సొంత టీవీ పెట్టిన కొత్తల్లో శ్యామలని ఎరగని తెలుగిల్లు లేదు. ఉన్నవే గుప్పెడు ఇళ్లు, అది వేరే సంగతి. ఆదివారం పొద్దున తెలుగువాళ్లకి అరగంట ఇచ్చారు. దాన్ని నడిపేది శ్యామలే. పైన పట్టుచీర, కింద మంచు బూట్లు. కెమెరాకి బూట్లు కనపడవుగా! ఒకసారి ఊళ్లోని సర్కారు కాలేజీ ముందు నిలబడి, "మీ పిల్లల్ని ఇక్కడ చేర్చండి. అమ్మతోడు, మంచి చదువు" అంది. టీవీలో ఒట్లేమిటని పైవాళ్లు గొణిగితే, "మావాళ్లు ఒట్టు లేనిదే నమ్మరండీ" అని నోరు మూయించింది.

పెరిగి పెద్దదైన ఆ టీవీని తరవాతి ప్రభుత్వం దండగంటూ ప్రైవేటువాడికి అమ్మేసింది. అరగంట పోయింది. ఆవు వెంట దూడ పోయినట్టు పాత టేపులూ పోయాయి. ఎవరికి పట్టింది?

ఏళ్లు గడిచాయి. విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో, జగిత్యాల పిల్ల చరిత గుళ్లో వాకబు చేసుకుని ఆమె తలుపు కొట్టింది.

"అమ్మతోడు ఆంటీ మీరేనా?"

ఆ పిల్ల చూపించిన ఫోన్లో నల్లజుట్టు శ్యామల నవ్వుతోంది. మూలన పాత సర్కారు టీవీ ముద్ర అలాగే ఉంది. వెనక మాత్రం ఏదో ప్రైవేటు కాలేజీ బోర్డు అతికించారు.

"మా అమ్మ ఇది చూసే పంపింది ఆంటీ. సర్కారు టీవీల తల్లిమీద ఒట్టేసినామె అబద్ధమాడదన్నది. వచ్చి చూస్తే పిజ్జా షాపు మీద రెండు రూములు. ఇక్కడ చదివితే వర్క్ పర్మిట్ కూడా రాదంట."

శ్యామలకి పోయిన తల్లిని ఎవడో బజారులో నిలబెట్టినట్టయింది.

తిన్నగా టీవీ ఆఫీసుకి వెళ్లింది. మేనేజరు మహీధర్ తెలుగువాడే.

"టేపులు అమ్మకంలో మాకొచ్చాయి ఆంటీ. ఎలా వాడుకున్నా మా ఇష్టం."

"మా అమ్మ కూడా ఆ అమ్మకంలోనే వచ్చిందిట్రా?"

అతను లాయర్ని కలవమన్నాడు.

మర్నాడు ఎముకలు కొరికే చలిలో శ్యామల ఆ ప్రైవేటు కాలేజీ మెట్ల దగ్గర నిలబడింది. చేరడానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్లని ఆపింది.

"నాయనా, ఫోన్లో ఉన్నది నేనే. ఆ మాట ఈ కాలేజీ గురించి అన్నది కాదు. చేరకండి, అమ్మతోడు."

వాళ్లు ఫోన్ వంక చూశారు. ఉన్ని కుళ్లాయి కింది ముడతల ముఖం వంక చూశారు.

"ఆమె యంగ్ కదా ఆంటీ? మీరు ఆమెకేమవుతారు?"

"వదిలెయ్ రా, పాపం, మతి లేనట్టుంది."

రెండోవాడు ఎందుకైనా మంచిదని వీడియో మళ్లీ పెట్టాడు. "అమ్మతోడు, మంచి చదువు" అంటూ ఆమె గొంతే వాళ్లతో పాటు మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.