పదమూడు ఖాళీ పంక్తులు

శాసనసభకు ఎన్నికైన ప్రతివాడూ మొట్టమొదట సవరించేది చట్టాన్ని కాదు, తన జీవిత చరిత్రని. ఆ సంగతి గెర్లిండె ఓస్టర్టాగ్‌కు తెలిసినంతగా జర్మనీలోని ఆ రాష్ట్రంలో ఇంకెవరికీ తెలియదు. సభ్యుల పరిచయ గ్రంథం ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతి మీదుగానే అచ్చవుతోంది. సభ్యుడు కార్డు మీద ఏది రాసిస్తే అది, కామా కూడా కదపకుండా వేయడం ఆమె నియమం. పందులు పెంచుకునే పెద్దమనిషి మూడో ఎన్నికకల్లా ‘పశుసంక్షేమ నిపుణుడు’ అయ్యాడు. లిఫ్టు చెడిపోతే సభకే రాని మరొకాయన తన సరదా పర్వతారోహణమని రాశాడు. ఆమె రెండూ వేసింది. లోలోపల నవ్వుకోవడానికి నియమం అడ్డురాదు కదా!

1986లో సభకు నలభై ఏళ్ళు నిండుతున్నాయని, మొదటినుంచీ సభ్యులైన వాళ్ళందరితో పెద్ద గ్రంథం వేయమన్నారు. పాత కార్డులన్నీ బల్ల మీద పరిచింది. “1932, పోస్టుమాస్టరు. 1946, శాసనసభ్యుడు.” “1932, న్యాయవాది. 1946, న్యాయమూర్తి.” ఇలాంటివి అరవై ఒకటి తేలాయి. నాజీలు ఏలినన్నాళ్ళూ వీళ్ళంతా గుర్రుపెట్టి నిద్రపోయారన్నమాట. కుంభకర్ణుడైనా ఆరునెలలకోసారి లేచేవాడు.

అరవై ఒకటో కార్డు, ఒకప్పుడు ఆ సభలోనే సభ్యుడైన ఆమె తండ్రిది. “1932, ఉపాధ్యాయుడు. 1946, ప్రధానోపాధ్యాయుడు.”

“రాయని ఏడాదికో పంక్తి ఖాళీ వదులుతానండి,” అంది కార్యాలయాధిపతి డాక్టర్ క్యూబ్లర్‌తో.

“మతిపోయిందా ఓస్టర్టాగ్ గారూ? పండగ పుస్తకానికి బోసినోరు పెడతారా? పంక్తులు దగ్గరికి జరిపెయ్యండి. అయినా అందులో మీ నాన్నగారూ ఉన్నారుగా! ఆయన పరువు మాటేంటి?”

ఆ దెబ్బ సూటిగానే తగిలింది. నాన్నంటే ఆమెకు ప్రాణం. అక్షరాలు దిద్దించింది ఆయనే. పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని రెండు పేర్లు చెప్పిందీ ఆయనే. అది ఆయన కార్డు మీద రాయలేదు. రాయనిది తను వేయనక్కర్లేదు. నియమం ఇంత హాయిగా ఉంటుందని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తెలిసొచ్చి, ఆమెకు సిగ్గేసింది.

సోమవారం ఆఫీసులో తండ్రి కార్డు మీద తన చేత్తో రాసింది: “1933, నాజీ పార్టీలో చేరాడు. 1938, మరియానె, కుర్ట్ లోవెన్‌తాల్ అనే ఇద్దరు యూదు పిల్లల పేర్లు హాజరుపట్టీలోంచి స్వయంగా కొట్టేశాడు.” మిగతా అరవై మందికీ పదమూడేసి పంక్తులు ఖాళీ వదిలి, ప్రూఫుల మీద సంతకం పెట్టేసింది. సభాపతి ముందుమాట ఒక్కటే చదివాడు. అది రాసింది క్యూబ్లర్ కాబట్టి ఆయనా దాన్నే చదువుకుని మురిసిపోయాడు.

ఉత్సవం రోజు సాసేజీలు, బంగాళాదుంప సలాడ్ తింటూ అందరూ పుస్తకం తెరిచారు. ఎవరి పేజీ వాళ్ళే చూసుకున్నారు. ఆ తర్వాత పక్కవాడి పేజీ చూశారు. కాసేపటికి హాల్లో ఫోర్కుల చప్పుడు కూడా ఆగిపోయింది.

“రేపు పొద్దున్నే నా గదికి రండి,” అన్నాడు క్యూబ్లర్ పళ్ళు బిగించి.

“వస్తానండి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రావాలిగా.”

అప్పుడే ఆ పాత కార్డుల్లోని పోస్టుమాస్టరు వెండెలిన్ హౌగ్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి.

“మీ నాన్న పేజీ చూశానమ్మా. నీ దగ్గర ఖాళీ కార్డేమైనా ఉందా?”

ఆమె సంచిలోంచి తీసిచ్చింది.

“ఎన్ని పంక్తులు రాయొచ్చు?”

“పదమూడండి.”

ముసలాయన కలం మూత తీసి, కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చాలవమ్మా,” అన్నాడు.