జతల నడక

చలి తగ్గగానే బడిలోని చిన్నపిల్లలను చిగుళ్లు చూపించడానికి తోటకు తీసుకెళ్తారు. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నడవాలి. జత దొరకని బిడ్డ ఆయమ్మ చెయ్యి పట్టుకోవాలి. పిల్లలు లేని ఆయమ్మ ఏడాదంతా ఆ చేతికోసమే ఎదురుచూస్తుంది. ఎవరో ఒకరికి జలుబు చేస్తే బాగుండునని అనుకుని, వెంటనే లెంపలేసుకుంటుంది.

ఈసారి అందరూ వచ్చారు.

"అక్కా, ఇవాళ నీకు సెలవే. అందరికీ జతలు కుదిరాయి," అంది టీచరమ్మ.

"పోనీలేమ్మా, సంచులు మోయడానికైనా ఉండాలిగా," అంది ఆయమ్మ.

తోటలో పిల్లలు చేతులు కలిపి పెద్ద చెట్టును చుట్టేశారు. జానెడు ఎడం మిగిలింది.

"ఆయమ్మా, చాలట్లేదు, నువ్వు రావే," అని ఒక పిల్ల పిలిచింది.

ఆయమ్మ సంచులు కింద పడేసి పరుగున వెళ్లింది. ఈలోగా పిల్లలు బెరడుకు బుగ్గలు ఆనించి చేతులు ఇంకాస్త చాచారు. చివరి వేళ్లు కలిశాయి.

అందరితోపాటు ఆయమ్మా చప్పట్లు కొట్టింది. అందరికంటే ఆలస్యంగా ఆపింది.