ఒక పక్కనే నమిలిన జామకాయ

ఆవిడ పేరు నేను అడగలేదు. జగ్గయ్యపేటలో బస్సెక్కి, ఆరేళ్ళ మనవరాలితో వచ్చి నా పక్కన కూర్చుంది. పాపని నందిగామలో పళ్ళ డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తున్నానంది.

"పన్ను నొప్పాండి?" అన్నాను.

"నొప్పేం లేదు బాబూ. ఊరికే చూపిద్దామని."

నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. ఎందుకని అడిగాను.

"నేనైతే పన్ను సలిపితే లవంగం పెట్టుకుని ఓర్చుకునేదాన్ని. ఇక తట్టుకోలేక వెళ్తే, పీకడమే." నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి నవ్వింది. ముందు ఒక్క పన్నూ లేదు. "పిల్లల్ని ఆర్నెల్లకోసారి తీసుకురమ్మన్నారు డాక్టరుగారు. పెద్దాళ్ళు కూడా ఏడాదికోసారన్నా చూపించుకోవాలంట."

డబ్బాలోంచి జామకాయ ముక్కలు తీసి పాపకొకటి, నాకొకటి ఇచ్చింది. తను తినలేదు. నేను తింటుంటే నా దవడ వంకే చూస్తూ కూర్చుంది.

"ఎడం పక్క నమలట్లేదేం బాబూ?"

ఎప్పటినుంచి అలా తింటున్నానో నాకే గుర్తులేదు.

"అలవాటండి," అన్నాను.

"నాకూ అలాగే అలవాటయింది," అందావిడ.

నందిగామలో వాళ్ళ వెనకాలే నేనూ దిగాను. నా టికెట్టు విజయవాడకి.