ఏమి చేయుచున్నావు ప్రాణనాథా

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి జీతం కంటే ఆవేశం ఎక్కువ. నాది అరకులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవి ముందు ప్రిన్సిపాల్ గారు సరేనంటేనే మళ్లీ ఏడాది ఉంటుంది. ఆయన తెలుగు పండితుడు. కనబడిన కాగితమల్లా దిద్దుతారు (పెళ్లి శుభలేఖలు కూడా). అందుకే పిల్లలు దిద్దుడు సారు అనేవారు.

మహిళా దినోత్సవానికి ఏదైనా చదివించమన్నారు. నూటయాభై ఏళ్ల కిందటి ఒక అమెరికా రచయిత్రిని పట్టుకున్నాను. రైతు పెళ్లాం గొంతుతో, పల్లె యాసలో, కావాలనే తప్పుల తడకగా రాసి మగవాళ్లను ఉతికి ఆరేసిన మనిషి. ఆ ధోరణిలోనే, దేశం సంగతులు ఆడదాని బుర్రకెక్కవంటూ, భుజం మీదున్న తువ్వాలు ఎక్కడుందని పెళ్లాన్నే అడిగే మొగుడి కథ మన యాసలో రాశాను. సారు చూసి, ఇన్ని తప్పులా తల్లీ అని నిట్టూర్చారు. తప్పులు కావండీ, ఆవిడ గొప్పంతా అదేనండీ అని మొత్తుకుంటే వింటేనా! "ఏటి సేత్తన్నావు" కాస్తా "ఏమి చేయుచున్నావు ప్రాణనాథా" అయి కూర్చుంది. ఒళ్లు మండిపోయింది గానీ, ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సభలో డుంబ్రిగుడ ఊరి నుంచి వచ్చే మా విద్యార్థిని అది చదువుతుంటే, కొండల మీంచి వచ్చిన తల్లులు హరికథ అనుకుని భక్తిగా విన్నారు (ఒకావిడ దణ్ణం కూడా పెట్టింది). నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో మైకు కీచుమంది. వేదిక మీదున్న సారు ఉలిక్కిపడి, అటెండరు మీద ఆ మైకులోనే అరిచారు.

"ఏటి సేత్తన్నావురా? బేగి ఆపు!"

హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల కాగితం మడిచేసి, నేను మొదట రాసిందే (అప్పటికే దానికి కంఠస్థం) అందుకుంది. తల్లులు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేను మాత్రం ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాను.

మర్నాడు సారు గదికి పిలిచారు. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "మా యమ్మ అలాగే మాటాడేదమ్మా. పట్నంలో సదువుకొచ్చాక అందరూ నవ్వేవారు, మానేశాను" అన్నారు. నా కాంట్రాక్టు కాగితం మీద మరో ఏడాదికి సంతకం పెట్టారు.

మారిపోయారనుకున్నాను, వెర్రిదాన్ని. కాలేజీ పత్రిక తెరిస్తే నా పేరు కింద మళ్లీ ప్రాణనాథుడే! ఊగిపోతూ వెళ్లి అడిగాను.

"అచ్చులో ఆ యాసుంటే నిన్ను చూసి నవ్వుతారమ్మా" అన్నారు మెల్లగా.

విసురుగా తలుపేసి బయటికొచ్చేశాను. ఆయన నన్ను కాపాడుతున్నాననుకున్నారని తెలిసేసరికి రిటైరై వెళ్లిపోయారు. ఆ రోజు తలుపు దఢాలున వేసిన పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త బెంగగా కూడా ఉంటుంది.