గట్టు పొడుగునా జొన్న

మా తోడికోడలు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు వానపాముని చూసి మంచమెక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు. ఇప్పుడు ఆ మనిషే దోసిలినిండా వానపాముల్ని ఎత్తి, వచ్చిన ఆఫీసర్లకి చూపించి, "ఇవే సార్ నా కూలీలు" అంటుంది. వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. నన్ను ఇంతవరకు ఒక్కడూ ఫొటో తీసిన పాపాన పోలేదు.

అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. పైముక్క మాది, దిగువ ముక్క వాళ్ళది, మధ్యలో ఒక గట్టు. మట్టి ఒకటే, నీళ్ళు ఒకటే. ప్రభుత్వం చూపు మాత్రం గట్టుకి అవతలే పడింది.

పురుగుమందు లేకుండా పండించేవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందని ఎవరో చెప్తే, మా తోడికోడలు వెళ్ళి శిక్షణలో కూర్చుంది. నేను నవ్వాను. "పేడ కలపడానికి కూడా బడికెళ్ళాలటే?" అన్నాను. అది పుస్తకం సంచిలో పెట్టుకుని శిక్షణకి పోయింది. దాంతో పోట్లాడితే గోడతో పోట్లాడినట్టే.

తర్వాత ఒక్కొక్కటే దిగాయి. వానపాముల ఎరువు తొట్టెకి సగం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. విత్తనాలిచ్చారు. పేడా బెల్లమూ నానబెట్టుకోవడానికి నీలం డ్రమ్ములిచ్చారు. సంతలో నీడపట్టున బల్ల వేసి, పైన బోర్డు కూడా కట్టారు. నేనేమో ఎండలో గోనెపట్టా పరుచుకుని వంకాయలు అమ్ముతుంటే, జనం నన్ను దాటుకుని పోయి దాని బల్ల మీద పుచ్చు వంకాయలు ఏరుకునేవాళ్ళు. పుచ్చుంటే మందు కొట్టలేదని గుర్తట! నావి అద్దంలా మెరుస్తున్నా ఎవరికీ పట్టలేదు.

కడుపు మండిపోయింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ మండుతూనే ఉంది.

వరసగా మూడేళ్ళు మందు తగలకుండా ఉంటే తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం రాకపోతే సంతలో బల్ల ఇంకొకరికి పోతుంది. మా మరిదికి నడుము పడిపోయాక ఆ బల్ల మీదే వాళ్ళ ఇల్లు నడుస్తోంది.

ఆ మూడో ఏడు గట్టు పొడుగునా జొన్న ఒత్తుగా చల్లింది. మనిషెత్తు లేచింది. అవతల ఒక్క ఆకు కనబడితే ఒట్టు. నా కళ్ళు పడతాయని తెర కట్టిందన్నమాట!

"ఏమే, నా కళ్ళు అంత పాపిష్టివా? నేను చూస్తే నీ బీన్సు మాడిపోతాయా?" అని గట్టు మీదే కడిగేశాను.

"అది కాదక్కా..."

"మరేంటి?"

"ఉండనీ అక్కా. నీకేం అడ్డం?"

చెప్పి చావదు. చెప్పకపోతే నేనేమనుకోవాలి? ఆ రోజు నుంచి మాటలు లేవు.

తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. అక్కడక్కడ ఆకులు తుంచి సంచుల్లో వేసుకుంది. గట్టు దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. "పక్క పొలం మీదేనా అమ్మా? మందు కొడతారా?"

"కొట్టకపోతే వంకాయ ఎలా వస్తుందమ్మాయ్?"

"గాలికి మీ మందు ఇటు రాకూడదనే కదా ఈ జొన్న వేయించాం. మరి ఈ మూల ఖాళీగా ఉందేం?"

అప్పుడు తెలిసింది నాకు. తెర నా కళ్ళకి కాదు, నా మందుకి. ఆ మాట నాతో అంటే నేను ఊరుకునేదాన్నా? ఊరుకోను. అది దానికి బాగా తెలుసు.

"అక్కడ మొలవలేదండీ" అంది మా తోడికోడలు, నేల చూస్తూ. మొలిచింది. మా మేక మేసేసింది.

"ఈ ఆకుల్లో మందు లేకపోయినా రేపు రాదని నమ్మకమేంటి? ఈ అంచున మందు కొట్టబోమని పక్కవాళ్ళు ఒప్పుకుంటేనే సర్టిఫికెట్" అంది ఆ అమ్మాయి.

అందరూ నా మొహం చూశారు. మరిది కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. కుదరదంటే చాలు, బల్ల ఎగిరిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఇది, "అక్కని ఇబ్బంది పెట్టకండి మేడం. వాళ్ళ పంట, వాళ్ళ ఇష్టం" అంది.

చూశారా! అందరి ముందూ మంచి పేరు కొట్టేసింది! పాపమేమో నాకూ, మంచితనమేమో దానికీనా?

"ఎవరే ఇబ్బంది పడేది?" అన్నాను. "అంచేంటి, పొలం మొత్తం మందు మానేస్తా. జొన్న మేసింది నా మేకే, రాసుకో అమ్మాయ్. కానీ దీనికిచ్చిన డ్రమ్ములూ తొట్టే బల్లా నాకూ ఇచ్చి తీరాలి!"

వెనక మా ఆయన దగ్గాడు. దగ్గనీ.

"తప్పకుండా అమ్మా. ముందు శిక్షణకి రండి."

"ఎవరు చెప్తారు?"

ఆ అమ్మాయి మా తోడికోడల్ని చూపించింది.

దానికి సర్టిఫికెట్ వచ్చింది. నేను శిక్షణకి వెళ్తున్నాను, ముందు వరసలోనే కూర్చుంటున్నాను. అందరూ దాన్ని మేడం అంటారు. నేనంటానా? మొన్న నా డ్రమ్ము మూత తీసి, వాసన చూసి, "నాదానికంటే బాగా కుదిరిందక్కా" అంది. నిజంగానే అందో, పెద్దదాన్ని కదా అని ఊరడించిందో తెలియక చస్తున్నాను.